తొందరపెడితే శరీరం ముడుచుకుంటది

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం ఆలుమగల దగ్గరితనం గురించి ఒక గైనకాలజీ డాక్టరమ్మ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినం. మాటతీరు ఆమెదే. తడబాట్లు మాత్రం తీసేసినం.)

అందరికీ నమస్తే. వెనక నిలబడ్డ తమ్ముళ్లు, ముందు కుర్చీలు ఖాళీగున్నయి, వచ్చి కూసోండి. ఆడోళ్లు ఒక దిక్కు, మొగోళ్లు ఒక దిక్కు కూసున్నరు. నేను మాట్లాడేది మీ ఇద్దరి నడుమ సంగతి, పక్కపక్కన కూసొని వింటే మంచిది. సరే, బలవంతం లేదు. ఎవరికి ఎట్ల నిమ్మళంగ ఉంటే అట్లనే కూసోండి. బలవంతం లేదు అనే మాట ఇయ్యాల మళ్లమళ్ల వస్తది, యాది పెట్టుకోండి.

నేను ముప్పై ఏండ్ల నుంచి ఇక్కడనే కాన్పులు చేస్తున్న. నా దగ్గరికొచ్చే ఆడబిడ్డ కడుపునొప్పి అంటది, తెల్లబట్ట అంటది, నడుంనొప్పి అంటది. చూస్త, మందులు రాస్త. చీటీ తీసుకొని లేస్తది, తలుపు దాకా పోతది, గొళ్లెం మీద చెయ్యి పెడతది. అప్పుడు వెనక్కి తిరిగి, "మేడం, ఇంకొకటి..." అంటది. ఆ ఇంకొకటే అసలు సంగతి! "కలిసినప్పుడు నొస్తది మేడం." "నాకేం అనిపించదు మేడం." "ఆయనకు ఈ మధ్య కుదురుతలేదు మేడం." దాన్ని నేను తలుపు కాడి మాట అంట. ఎన్ని ఏండ్లు మనసుల దాచుకుంటే ఆ మాట తలుపు దాకా వచ్చింది? ఇయ్యాల ఆ తలుపు కాడి మాటతోనే మొదలుపెడదాం.

ముందు మొగోళ్ల సంగతి. ఎందుకు ముందు? వాళ్లు ఎక్కువ భయపడుతున్నరు, తక్కువ చెప్పుకుంటున్నరు. అంగం ఎట్ల గట్టిపడుతది? అందుల ఎముక ఉన్నదా? లేదు. బలం పెట్టి లేపే కండ ఉన్నదా? అదీ లేదు. పొడుగూత స్పాంజి వంటివి రెండు ఉంటయి. ఆ స్పాంజిల సన్నసన్న అరలు, అరల గోడలల్ల మెత్తటి కండరం. మామూలప్పుడు ఆ కండరం బిగుసుకొనే ఉంటది, అందుకే లోపలికి రక్తం కొద్దిగనే పోతది. కోరిక కలిగినప్పుడు, ప్రేమగ తాకినప్పుడు, వెన్ను అడుగు నుంచి వచ్చే నరాలు నైట్రిక్ ఆక్సైడు అనే వాయువు వదులుతయి. అది ఆ కండరాన్ని వదులు చేస్తది. వదులైతే రక్తం వచ్చి నిండుతది.

రామప్ప చెరువు చూసినోళ్లేగా అందరు? చెరువుకు తూము ఉంటది. తూము లేపితే నీళ్లు మడిలకు వస్తయి. ఇక్కడ ఇంకో సౌలత్ ఏందంటే, మడి నిండినకొద్దీ ఆ వత్తిడికి బయటికి పోయే కాలువలు వాటంతట అవే నొక్కుకపోతయి. నీళ్లు నిలుస్తయి. అంగం గట్టిపడుడు అంటే అదే. మళ్ల చెప్తున్న, వదులైతేనే గట్టిపడుతది. బిగపడితే రాదు. రక్తనాళాలను ఈ వాయువు ఎట్ల వదులు చేస్తదో తేల్చినందుకు 1998ల ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చిండ్రు. అంత పెద్ద సంగతి ఇది.

మరి తూమును మూసేది ఏది? భయం. ఇదివరకు రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడు మోటరు పెట్టడానికి పొలానికి పోయిన అన్నలు ఈ హాల్ల ఉండే ఉంటరు. టార్చిలైటు వెలుతుర్ల పాము కనబడితే ఏమైతది? గుండె దడదడ కొట్టుకుంటది, నోరు ఎండుతది, రక్తమంత కాళ్లకు చేతులకు పోతది. భయంల శరీరం వదిలే అడ్రినలిన్ అనే హార్మోను పని అది. ప్రాణం కాపాడుకునే టైంల శరీరం సుఖం సంగతి చూస్తదా? చూడదు. ఉరుకుడు సంగతి చూస్తది. "ఇయ్యాల నాతోని అయితదో కాదో" అన్న భయం కూడా శరీరానికి పాము వంటిదే. తేడా తెలువదు దానికి.

ఇప్పుడు ఆ మొదటి రాత్రి గుర్తు తెచ్చుకోండి. మూడు రోజుల నుంచి నిద్ర లేదు. పిల్ల ఎవరో, పిలగాడు ఎవరో ఇంకా సరిగ్గ ఎరుక లేదు. పంతులు ముహూర్తం పెట్టిండు. తలుపు బయట చుట్టాలు, మరదళ్ల నవ్వులు. పొద్దున్నే లేచి వస్తే మొఖాలు చూసేటోళ్లు పదిమంది. ఇంత మంది కాపలా పెట్టి, ఇప్పుడు స్పందించు అంటే శరీరం ఎట్ల స్పందిస్తది? ఆ రాత్రి కాలేదంటే ఆ పిలగాడు మొగోడు కాకపోవుడేం కాదు, అలిసిపోయిండు, భయపడ్డడు. గంతే. కానీ ఆ మాట చెప్పేటోళ్లు లేరు. వారం తిరగకముందే బస్టాండు గోడ మీద నంబరు చూసి, లాడ్జిల గది తీసుకున్న ఎవరో ఒకాయన దగ్గరికి పోతడు. ఆయన "నరాల బలహీనత" అంటడు, "ధాతువు పోయింది" అంటడు, వేలకు వేలు గుంజుతడు. ఇది నాకు చాలా బాధ అనిపించే సంగతి. వచ్చిన కోడలి బంగారం అమ్మి ఆ పొట్లాలు కొన్న ఇంటిని నేను చూసిన.

ధాతువు అంటే వీర్యం, అది పోతే బలం పోతదన్న ఈ ధాతు భయం మన దేశపు మొగోళ్లల్ల ఎంత ఉన్నదంటే, 1960ల ఎన్.ఎన్.విగ్ అనే మన మానసిక వైద్యుడు దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టిండు. నూరు చుక్కల రక్తం ఒక చుక్క వీర్యం అంటరు చూడండి, అది అబద్ధం. శుద్ధ అబద్ధం. వీర్యంల ఎక్కువ భాగం మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేటు గ్రంథి, దాని పక్కనున్న సంచులు తయారుచేసే నీరు. కణాలు వృషణాలల్ల రోజూ పుడుతనే ఉంటయి. నిద్రల పోయినా, చేతితోని పోయినా మనిషి చిక్కడు, నరాలు సడలయి. తమ్ముళ్లకు ఒక గుర్తు చెప్త. పొద్దుగాల నిద్ర లేచినప్పుడు గట్టిపడి ఉంటున్నదా? అయితే నరం, రక్తం బాగనే ఉన్నయి. అడ్డం పడుతున్నది మనసుల భయం. దానికి మంచి డాక్టరు దగ్గర మాట్లాడితే చాలాసార్లు తగ్గిపోతది.

కానీ నలభై దాటిన అన్నలూ, మీకు వేరే మాట. మెల్లమెల్లగ కుదురుడు తగ్గుతున్నది, పొద్దుగాల కూడా లేదు అంటే, సిగ్గుపడకుండ సుగరు, బీపీ, కొవ్వు పరీక్ష చేయించుకోండి. అంగంలకు పోయే రక్తనాళం ఒకటి రెండు మిల్లీమీటర్లే. గుండె నాళం మూడు నాలుగు మిల్లీమీటర్లు. మురికి పేరుకుంటే ముందు ఏది మూసుకపోతది? సన్నదే. అంటే కింద కనబడ్డ ఇబ్బంది రెండు మూడేండ్లల్ల గుండె కాడ కనబడొచ్చు. బీడీ, సిగరెట్టు, గుట్కా ఆ నాళాలను ఇంకింత సన్నం చేస్తయి. ఇంకోటి చాలా గట్టిగ చెప్తున్న, అంగం గట్టిపడడానికి వాడే సిల్డెనాఫిల్ మాత్ర దోస్తు ఇచ్చిండని మింగకండి. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు అది మింగితే బీపీ ఒక్కపెట్టున పడిపోతది, ప్రాణం పోవచ్చు.

ఎంతసేపు అనేది ఇంకో బెంగ. ఫోన్లల్ల చూసేటివన్నీ కోసి అతికించిన బొమ్మలు, నిజం కావు. అయిదు దేశాలల్ల 500 జంటలకు గడియారం ఇచ్చి కొలిపించిండ్రు, 2005ల ఆ లెక్కలు వచ్చినయి. కలయిక మొదలైనప్పటి నుంచి స్ఖలనం దాకా, నడిమి లెక్క 5.4 నిమిషాలు. అర్ధగంట కాదు, గంట కాదు. అయిదు నిమిషాల చిల్లర.

అయితే ఇక్కడనే చిక్కు ఉన్నది. ఆయన అయిదు నిమిషాలల్ల అయిపోయిండు. ఆమె శరీరం అప్పటికి ఎక్కడున్నది?

అక్కలూ, చెల్లెండ్లూ, ఇప్పుడు మన సంగతి. ఆడదాని శరీరంల సుఖం కోసమే ఉన్న అవయవం ఒకటి ఉన్నది. యోని ద్వారానికి పైన, మూత్రం వచ్చే దారికి ఇంకా పైన, చిన్న మొగ్గ వంటిది. క్లిటోరిస్ అంటరు. మన ఇండ్లల్ల దానికి ఏం పేరున్నది? చెప్పండి ఎవరన్న. పేరు లేదు! కంటికి, ముక్కుకు, చిటికెన వేలికి పేరున్నది, దీనికి లేదు. పుస్తకాలల్ల యోనిశీర్షం అని రాస్తరు, ఇంట్ల ఎవరూ అనరు. పేరే లేనిదాని గురించి ఆడబిడ్డ మొగనికి ఏమని చెప్పుకోవాలె? బయటికి కనబడేది దాని కొస మాత్రమే, మిగిలింది లోపల రెండు పాయలై యోని చుట్టూ సాగి ఉంటది. వైద్య పుస్తకాలు కూడా దీన్ని సగం సగం చూపించేటియి. ఆస్ట్రేలియాల హెలెన్ ఓకానెల్ అనే సర్జన్ 1998ల చనిపోయినోళ్ల శరీరాలు కోసి చూసి పూర్తి బొమ్మ ముందట పెట్టింది. మనిషి చంద్రుని మీద దిగినంక కూడా ముప్పై ఏండ్లకు! చాలామంది ఆడవాళ్లకు ఒట్టి కలయికతోని భావప్రాప్తి, అంటే సుఖం కొసకు చేరుడు, రాదు, ఈ మొగ్గకు స్పర్శ తగలాలె. ఇది లోపం కాదు, శరీరం కట్టుబడే అట్ల ఉన్నది.

ఆడవాళ్లకు కూడా ఇందాక చెప్పిన కథనే. రక్తం వచ్చి నిండాలె. నిండితే యోని గోడల నుంచి తేమ ఊరుతది, చెమట పట్టినట్టు. లోపలి దారి పొడుగైతది, వెడల్పైతది, గర్భసంచి పైకి జరుగుతది. అంటే శరీరం జాగా చేస్తది. దీనికి టైం పడుతది, మొగోనికన్న ఎక్కువ. ఎంత అని నన్ను అడగకండి, మనిషి మనిషికి వేరు, ఒక్కతికే రోజు రోజుకు వేరు. జాగా కాకముందే తొందరపడితే? తడి లేదు, దారి విప్పుకోలేదు. నొస్తది. నొప్పి వస్తే రేపటికి శరీరం యాది పెట్టుకుంటది. రేపు ఆయన చెయ్యి పడంగనే లోపలి కండరాలు బిగుసుకుంటయి. బిగుసుకుంటే ఇంకా నొస్తది.

పొలం గట్ల మీద అత్తిపత్తి చెట్టు చూసిండ్రుగా? ముట్టుకుంటే ముడుచుకుంటది. కొందరు ఆడబిడ్డల యోని కండరాలు అట్లనే ముడుచుకుంటయి. ఆమె కావాలని చేస్తలేదు. ఆమె చేతుల లేదు అది. పెండ్లయి నాలుగేండ్లయినా కలయికే కాని జంటలు నా దగ్గరికి వచ్చిండ్రు, పిల్లలు పుడుతలేరని వచ్చిండ్రు! అత్త గొడ్రాలంటది, మొగడు "నేనంటే ఇష్టం లేదు" అంటడు. ఆ పిల్ల ఏడుస్తది. అట్ల కండరాలు ముడుచుకునుడును వెజైనిస్మస్ అంటరు. మందు మాత్రకు తగ్గేది కాదు, శ్వాసతోని కండరం వదులు చేసుకునుడు నేర్పిస్తం, తన వేలుతోని తనే మెల్లగ అలవాటు చేసుకునుడు నేర్పిస్తం. నెలలు పడుతది, కానీ చాలామందికి నయమైతది. నయమైతది అన్న మాట గట్టిగ వినండి. నొప్పికి ఇన్ఫెక్షన్లు, గర్భసంచి లోపలి పొర వంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ వంటి వేరే కారణాలు కూడా ఉంటయి, అందుకే చూపించుకోవాలె. ఓర్చుకోకండి.

కన్నెపొర మాట కూడా ఇక్కడనే చెప్పేస్త. కొందరికి అది పలచగ ఉంటది, కొందరికి సాగుతది. మొదటిసారి రక్తం రావాలె అన్న రూలేం లేదు. తెల్ల దుప్పటి చూసి పిల్ల గుణం లెక్క కట్టుడు అన్యాయం. అత్యాచారం జరిగిన ఆడవాళ్లకు యోనిల వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్ష చేసినోళ్లను తప్పు చేసినట్టే లెక్క కట్టాలని సుప్రీంకోర్టు 2022ల చెప్పింది. వేళ్లతోని తేలదు, దుప్పటితోని తేలదు.

స్పందన ఎన్ని మెట్లు అని కాలేజీ పిల్లలు అడుగుతరు. అమెరికాల మాస్టర్స్, జాన్సన్ అని ఇద్దరు, దాదాపు 700 మందిని ప్రయోగశాలల పరిశీలించి 1966ల నాలుగు దశలు చెప్పిండ్రు. ఉద్రేకం మొదలవుడు, అది నిలకడగ ఉండుడు, భావప్రాప్తి, మళ్ల నెమ్మదించుడు. భావప్రాప్తిల కటి కండరాలు సుమారు 0.8 సెకన్లకొకసారి కొట్టుకుంటయని కొలిచిండ్రు, ఆడకు మొగకు దాదాపు ఒకటే లెక్క. చూసిండ్రా, అంత దగ్గర మన శరీరాలు. ఆ తర్వాత మొగోనికి కొంతసేపు మళ్ల సాధ్యం కాదు, ఆడదానికి ఆ విరామం ఉండాలనేం లేదు. ఇద్దరికీ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతది, దగ్గరగ ఉండాలనిపిస్తది. అందుకని అన్నలూ, అయిపోంగనే అటు తిరిగి పండుకోకండి. ఆ పది నిమిషాలు ఆమె చెయ్యి పట్టుకొని ఉండండి.

ఆ నాలుగు మెట్లల్ల ఒకటి తక్కువైంది. కోరిక ఎక్కడిది? ముందు కోరిక పుట్టి, తర్వాత దగ్గరైతరు అని అందరం అనుకుంటం. 2000ల రోజ్‌మరీ బాసన్ అనే కెనడా డాక్టరు ఇంకో మాట చెప్పింది. చాలాకాలం కలిసి బతికిన ఆడవాళ్లల్ల కోరిక ముందు రాకపోవచ్చు. ఆప్యాయత, మాట, స్పర్శ ముందు, శరీరం కదిలినంక కోరిక వస్తది. ఇది విన్నప్పుడు నా ఎంతమంది పేషెంట్ల మొఖాలల్ల బరువు దిగిందో! "నాకు కోరికలే లేవు మేడం, నేను రాయినైన" అని వచ్చేటోళ్లు. రాయి కాదు బిడ్డా. పొద్దున అయిదింటికి లేచి, వంట చేసి, బీడీలు చుట్టి, పిల్లలకు నీళ్లు పోసి, అత్తకు కాళ్లు నొక్కి రాత్రి పదకొండుకు పక్క మీద పడ్డ మనిషికి కోరిక దానంతట అది ఎక్కడి నుంచి వస్తది? అన్నలూ, రాత్రి దగ్గరితనం కావాలంటే పొద్దుగాల గిన్నెలు కడగండి. నేను మందుల చీటీ మీద రాసినంత గట్టిగ చెప్తున్న ఇది.

ఇగ మన ఉత్తర తెలంగాణకే ఉన్న కష్టం ఒకటి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు నుంచి దుబాయి, మస్కట్ పోయినోళ్లు. రెండేండ్లకొకసారి రెండు నెలల సెలవు. శంషాబాద్‌ల దిగుతడు, కారు మాట్లాడుకొని ఊరికి వస్తడు, ఇంటినిండ చుట్టాలు. రాత్రి అయితది. ఆయన రెండేండ్ల నుంచి ఆ రాత్రి కోసమే చూసిండు. ఆమె? రెండేండ్లు ఒక్కతే పండుకున్నది, ఆయన వాసన కూడా మర్చిపోయింది. మనసుకు మొగడే, శరీరానికి కొత్త మనిషి. తడి రాదు, నొస్తది, ఆయనకు అనుమానం వస్తది. ఎన్ని సంసారాలు ఆ అనుమానం మీద చెడ్డయో! అనుమానం అక్కర్లేదు, శరీరానికి కొంచెం టైం కావాలె, అంతే.

అట్లాంటి జంటలకు నేను చెప్పేది మాస్టర్స్, జాన్సన్‌లే పెట్టిన పద్ధతి. మొదటి వారం కలయిక వద్దు అనుకోండి, ఇద్దరూ ఒప్పుకొని. పక్కపక్కన పండుకోండి. తల నిమరండి, వీపు నిమరండి, కాళ్లు నిమరండి. రొమ్ములు, కింది భాగాలు ముట్టుకోవద్దు. ఇది బాగుంది, ఇది బాలేదు అని చెప్పుకోండి. తర్వాతి వారం కొంచెం ముందుకు. గెలుపోటమి లేదు గనుక భయం పోతది. భయం పోతే? తూము తెరుచుకుంటది. "వారమంత ఆగుడెట్ల మేడం, ఉన్నదే అరవై రోజులు" అన్నడు ఒక తమ్ముడు. నెల తర్వాత ఇద్దరూ కలిసి వచ్చిండ్రు. ఆమె మొఖం చూసి నేనేం అడగలేదు.

ఇంకొక్క మాట చాలా ముఖ్యం. శరీరం స్పందించుడు వేరు, మనిషి ఒప్పుకునుడు వేరు. ఇష్టం లేకున్నా తడి రావొచ్చు, అంగం గట్టిపడొచ్చు. మోకాలు మీద కొడితే కాలు లేచినట్టు. "నీ ఒళ్లు ఒప్పుకున్నది గదా" అనకండి. ఒళ్లు నోరు కాదు. నోటితోని అడగండి, నోటితోని చెప్పండి. వద్దంటే ఆగండి, నడుమల వద్దన్నా ఆగండి. పద్దెనిమిది నిండని పిల్ల అయితే పెండ్లి చేసుకున్నా సరే అది నేరమే, 2017ల సుప్రీంకోర్టు తేల్చింది.

బాలింతల సంగతి తొందరగ చెప్త. ఆరు వారాలన్న ఆగాలె. పాలిచ్చినన్ని రోజులు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తక్కువుంటది, ఎండినట్టుంటది, అది మామూలే. తడి కోసం రాసుకునే నీళ్ల జెల్లీ మందుల షాపుల్ల దొరుకుతది. కొబ్బరినూనె పెడితే కండోం పాడైతది, జాగ్రత్త.

చీటీలు వచ్చినయి, ఒక్కటి చదివి ఆపుత. "నాకు 52. పిల్లల పెండ్లిళ్లయినయి. నాకింకా ఆయన దగ్గర పండుకోవాలనిపిస్తది, ఆయనకూ అనిపిస్తది. కానీ మంట. ఈ వయసుల ఇది తప్పా?"

తప్పు కాదు అక్కా. ముట్లు ఆగినంక లోపలి గోడ పలచనైతది, తడి తగ్గుతది, దానికి మంట. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా చిన్న వయసులనే తీసేసినోళ్లకు ఇది ఇంకా ముందే వస్తది. మన రాష్ట్రంల ఆ ఆపరేషన్లు చాలా ఎక్కువ, అందుకే చెప్తున్న. లోపల పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీం ఉంటది, చాలా తక్కువ మోతాదు, కొన్ని వారాలల్ల మంట తగ్గుతది. రొమ్ము క్యాన్సరు వచ్చినోళ్లు మాత్రం డాక్టరును అడగకుండ వాడొద్దు. మీరు ఈ హాల్ల ఎక్కడ కూసున్నరో నాకు తెలువదు, చూడను కూడా. క్లినిక్కుకు రండి, ఆయనను కూడా తోలుకొని రండి. వచ్చి కుర్చీల కూసోంగనే ముందు ఈ మాటనే చెప్పండి. నడుంనొప్పి సంగతి తర్వాత చూద్దాం.